స్థూలకాయ శస్త్రచికిత్స చరిత్ర: రెండేళ్ల ఫలితం, ఇరవై ఏళ్ల తీర్పు

హైదరాబాదులోనో, విజయవాడలోనో వచ్చే దినపత్రికల ప్రకటనల్లో మీరు ఈ జంట ఫొటోలను చూసే ఉంటారు. ఎడమవైపు 130 కిలోల మనిషి. కుడివైపు అదే మనిషి, 80 కిలోలతో, వదులైపోయిన పాత ప్యాంటును చేత్తో లాగి చూపిస్తూ. కింద ఆసుపత్రి పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. ఆ రెండో ఫొటో ఎప్పుడు తీశారన్నది మాత్రం సాధారణంగా ఉండదు. శస్త్రచికిత్స అయిన ఏడాదికి తీశారా, పన్నెండేళ్లకు తీశారా? ఈ పాఠంలో మనం చదవబోయే చరిత్ర అంతా ఆ కనిపించని తేదీ చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా ఒక గందరగోళాన్ని తొలగించుకుందాం. చర్మం కింది కొవ్వును గొట్టంతో పీల్చేసే లైపోసక్షన్ వేరు, బేరియాట్రిక్ శస్త్రచికిత్స వేరు. మొదటిది ఆకృతికి సంబంధించినది. రెండవది జీర్ణాశయాన్ని చిన్నది చేయడం, లేదా ఆహారం చిన్నపేగులో ప్రయాణించే దారిని మార్చడం, లేదా రెండూ కలిపి చేయడం. 'బారోస్' అంటే గ్రీకు భాషలో బరువు. ఆ మాట నుంచే ఈ పేరు వచ్చింది. ఈ పాఠంలో తరచుగా వచ్చే మరో మాట బి.ఎం.ఐ. బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్య అది.

కత్తి దాకా ఎందుకు వెళ్లారు?

'తక్కువ తిని, ఎక్కువ నడిస్తే సరిపోదా?' అన్న ప్రశ్న మీకు వచ్చే ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దపు వైద్యులకూ వచ్చింది. అమెరికాలో ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే మానసిక వైద్యుడు తన సహచరురాలితో కలిసి 1959లో ఈ ప్రశ్నకు లెక్కలతో జవాబు వెతికాడు. న్యూయార్క్‌లోని ఒక ఆసుపత్రి పోషకాహార విభాగానికి వరుసగా వచ్చిన 100 మంది స్థూలకాయులను తీసుకున్నాడు. వారిలో 20 పౌండ్లు, అంటే సుమారు 9 కిలోలు తగ్గగలిగినవారు 12 మంది. రెండేళ్ల తర్వాత కూడా ఆ తగ్గుదలను నిలుపుకున్నవారు ఇద్దరు.

ఆ తొంభై ఎనిమిది మందీ బద్ధకస్తులని అనుకోవడం సులభం. కాని అంతకు ముందే, 1944-45లో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ ఆరోగ్యవంతులైన 36 మంది యువకులపై జరిపిన అర్ధాకలి ప్రయోగం మరో సంగతి చెప్పింది. బరువు తగ్గేకొద్దీ వారి శరీరం ఖర్చు తగ్గించుకుంది, ఆలోచనలన్నీ తిండి చుట్టూ తిరిగాయి. తిరిగి భోజనం దొరికాక పోయిన కొవ్వుకంటే ఎక్కువే చేరింది. శరీరం తన బరువును కాపాడుకునే ప్రయత్నం చేస్తుందన్నమాట. ఈ విషయం మనసులో పెట్టుకుంటేనే తర్వాతి కథ అర్థమవుతుంది.

పేగును దాటవేసిన రోజులు

మొదటి ప్రయత్నాలు జీర్ణాశయం మీద కాదు, చిన్నపేగు మీద జరిగాయి. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌కు చెందిన విక్టర్ హెన్రిక్సన్ చిన్నపేగులో ఒక భాగాన్ని కోసి తీసివేసిన సంగతి 1952లో ప్రచురించాడు. 1954లో మిన్నెసోటాకు చెందిన క్రెమెన్, లిన్నర్, నెల్సన్‌లు కుక్కలపై చేసిన ప్రయోగాలను ప్రకటించారు. చిన్నపేగు మొదటి భాగాన్ని చివరి భాగానికి నేరుగా కలిపేస్తే మధ్యనున్న పొడవంతా ఆహారానికి అందకుండా పోతుంది. ఆహారం ఒంటికి పట్టదు. బరువు తగ్గుతుంది.

లాస్ ఏంజెలెస్‌లో పేన్, డివిండ్ అనే వైద్యులు దీన్ని మరింత ముందుకు తీసుకెళ్లారు. మొదట చిన్నపేగును ఏకంగా పెద్దపేగుకే కలిపారు. విరేచనాలు, లవణాల లోపం భరించలేని స్థాయికి చేరడంతో మళ్లీ విప్పి యథాస్థానంలో కలపాల్సి వచ్చింది. అలా కలిపాక తగ్గిన బరువంతా తిరిగి వచ్చింది. 1969లో వాళ్లు స్థిరపరచిన పద్ధతిలో చిన్నపేగు మొదటి 14 అంగుళాలను చివరి 4 అంగుళాలకు కలిపేవారు. సుమారు ఆరు మీటర్ల పేగులో పనిచేసేది అర మీటరుకన్నా తక్కువ.

బరువు తగ్గిందా? బ్రహ్మాండంగా తగ్గింది. అందుకే 1970లలో అమెరికాలో వేలమందికి ఈ శస్త్రచికిత్స చేశారు. తర్వాతి సంవత్సరాల్లో ఒక్కొక్కటిగా బయటపడ్డాయి: మూత్రపిండాల్లో రాళ్లు, కీళ్లవాపు, విటమిన్ల లోపం, కొందరిలో కాలేయం పూర్తిగా చెడిపోవడం. దాటవేసిన పేగులో బాక్టీరియా పెరిగిపోయేది. 1980ల నాటికి ఈ పద్ధతిని వదిలేశారు. అప్పటికే చేయించుకున్నవారిని వెతికి, మళ్లీ కోసి పేగును సరిచేయడం మరో తరం వైద్యుల పని అయింది. బరువు తగ్గడం ఒక్కటే విజయానికి కొలమానమైతే ఈ శస్త్రచికిత్స నేటికీ ఉండేది.

మేసన్ గమనించింది

అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే శస్త్రవైద్యుడు ఉండేవాడు. ఆ రోజుల్లో కడుపులో పుండ్లకు జీర్ణాశయంలో కొంత భాగాన్ని తీసివేయడమే చికిత్స. అలా చేయించుకున్నవారు బరువు తగ్గి, మళ్లీ పెరగలేకపోవడం వైద్యులకు ఒక తలనొప్పి. పుండు రోగికి దోషమైనది స్థూలకాయుడికి మందు కావచ్చునని మేసన్‌కు తోచింది. చికాషి ఇటోతో కలిసి 1966లో మొదలుపెట్టి, 1967లో ప్రచురించిన ఆ పద్ధతే గ్యాస్ట్రిక్ బైపాస్. జీర్ణాశయం పైభాగంలో చిన్న సంచిలాంటి భాగాన్ని వేరుచేసి దానికి చిన్నపేగును కలిపారు. 1977లో కెంటకీకి చెందిన వార్డ్ గ్రిఫెన్ ఆ కలపడాన్ని ఆంగ్ల 'వై' అక్షరం ఆకారంలోకి మార్చాడు. ఆ 'వై' కూర్పు స్విట్జర్లాండ్ శస్త్రవైద్యుడు సెజార్ రూ పేరుమీద అప్పటికే ప్రసిద్ధం. అందుకే నేటికీ దాన్ని 'రూ-ఆన్-వై' బైపాస్ అంటున్నారు.

మేసన్ అక్కడితో ఆగలేదు. బైపాస్ కంటే సులువైనది, పోషకాలకు అడ్డురానిది కావాలని 1980లో మరో పద్ధతి రూపొందించాడు. జీర్ణాశయాన్ని స్టేపుల్స్‌తో నిలువుగా విభజించి, చిన్న సంచి బయటి దారి చుట్టూ పట్టీ వేసేవాడు. పేగును ముట్టుకునేది లేదు. 1980లలో అది విస్తృతంగా వ్యాపించింది. పదేళ్ల తర్వాత చూస్తే? మేయో క్లినిక్ వైద్యులు 2000లో తమ రోగుల లెక్క ప్రకటించారు. ఉండాల్సినదానికన్నా అదనంగా ఉన్న బరువులో కనీసం సగం తగ్గి, పదేళ్లదాకా ఆ తగ్గుదలను నిలుపుకున్నవారు 26 శాతం. కొందరిలో స్టేపుల్స్ వరుస విడిపోయింది. మరికొందరికి అన్నం, మాంసం లాంటి గట్టి ఆహారం దిగక వాంతులయ్యేవి. దాంతో వాళ్లు సాఫీగా జారిపోయే ఐస్‌క్రీముకూ, తీపి పానీయాలకూ అలవాటుపడ్డారు. దారి ఇరుకు చేస్తే ఆకలి తీరదు, అది వేరే దారి వెతుక్కుంటుంది.

నా దృష్టిలో మేసన్ గొప్పతనం ఈ రెండు పద్ధతుల్లో కన్నా మరొకచోట ఉంది. 1986లో ఆయన స్థూలకాయ శస్త్రచికిత్సల జాతీయ రిజిస్ట్రీని ప్రారంభించాడు. వేర్వేరు ఆసుపత్రుల రోగుల వివరాలు ఒకేచోట, ఏళ్ల తరబడి నమోదు కావాలన్నది ఆయన పట్టుదల. ఒక పద్ధతిని కనిపెట్టిన మనిషి, అది విఫలమైతే బయటపడేలా పుస్తకం తెరిచిపెట్టడం వైద్య చరిత్రలో తరచుగా కనిపించే సంగతి కాదు. ఆయన 2020లో, నూరేళ్లు నిండాక మరణించాడు.

స్వీడన్ లెక్క

ఇప్పుడు ఈ పాఠానికి గుండెకాయ లాంటి భాగానికి వచ్చాం. నిదానంగా చదవండి.

1987లో లార్స్ స్యోస్ట్రోమ్ నాయకత్వంలో స్వీడన్‌లో ఒక అధ్యయనం మొదలైంది. చేరికలు 2001 దాకా సాగాయి. దేశంలోని 25 శస్త్రచికిత్స విభాగాలు, 480 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ఇందులో పాల్గొన్నాయి. శస్త్రచికిత్స చేయించుకున్నవారు 2,010 మంది. వయసు, బరువు, జబ్బులు మొదలైన అంశాల్లో వారిని పోలి ఉండి, మామూలు వైద్యం మాత్రమే పొందినవారు 2,037 మంది. ఈ రెండో బృందాన్ని నియంత్రణ బృందం అంటాం.

చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా రెండు బృందాలుగా విడదీయడం ఉత్తమమని మీరు పరిశోధనా పద్ధతుల పాఠంలో చదివి ఉంటారు. ఇక్కడ అలా చేయలేదు. ఆనాటి శస్త్రచికిత్సల్లో మరణాలు ఎక్కువగా ఉండేవి కాబట్టి, చీటీ వేసి మనిషిని కత్తి కిందికి పంపడానికి నైతిక సంఘాలు ఒప్పుకోలేదు. శస్త్రచికిత్స కోరుకున్నవారికే చేశారు. ఇది అధ్యయనంలో ఒక బలహీనత. దాన్ని దాచకుండా చెప్పారు.

2007లో వెలువడిన ఫలితాలు చూడండి. గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవారు మొదటి ఒకటి రెండేళ్లలో మొత్తం బరువులో సగటున 32 శాతం తగ్గారు. పదేళ్ల తర్వాత ఆ తగ్గుదల 25 శాతం. మేసన్ నిలువు విభజన పద్ధతిలో 25 నుంచి 16 శాతానికి, పట్టీ వేసే పద్ధతిలో 20 నుంచి 14 శాతానికి వచ్చింది. నియంత్రణ బృందం బరువు ఈ కాలమంతా మొదటి బరువుకు రెండు శాతం అటూ ఇటూగానే ఉంది.

ఈ అంకెలను ఒక మనిషికి అన్వయిద్దాం. 120 కిలోల వ్యక్తి బైపాస్ చేయించుకున్నాడనుకోండి. సగటు లెక్కన రెండేళ్లలోపు దాదాపు 82 కిలోలకు వస్తాడు. పదేళ్లకు 90 కిలోల దగ్గర ఉంటాడు. చుట్టుపక్కలవాళ్లు, 'అంత ఖర్చు పెట్టి కోయించుకున్నా మళ్లీ లావెక్కాడు చూడు' అంటారు. వాళ్లు 82ను, 90ను పోలుస్తున్నారు. పోల్చవలసింది 90ని 120తో. శస్త్రచికిత్స లేకపోతే అతను ఇప్పటికీ 118 నుంచి 122 మధ్య ఉండేవాడని నియంత్రణ బృందం చెబుతోంది. కొంత బరువు తిరిగి రావడం ఈ చికిత్సలో భాగమే. ఆ మాట ముందే చెప్పని వైద్యుడు రోగిని పదేళ్ల తర్వాత సిగ్గుపడేలా చేస్తున్నాడు. సిగ్గుపడ్డ రోగి ఆసుపత్రికి రాడు. రానివాడి విటమిన్ లోపం ఎవరి కంటా పడదు.

మరణాల సంగతి కూడా అదే నివేదికలో ఉంది. సగటున దాదాపు 11 ఏళ్ల పరిశీలనలో నియంత్రణ బృందంలో 129 మంది, శస్త్రచికిత్స బృందంలో 101 మంది మరణించారు. వయసు, ఇతర జబ్బుల తేడాలను సరిచేశాక మరణించే ముప్పు 29 శాతం తక్కువ. మొదటి 90 రోజుల్లో మాత్రం శస్త్రచికిత్స బృందంలో 5 మరణాలు, రెండో బృందంలో 2. అంటే ముందుగా కొంత ప్రమాదం, తర్వాత దీర్ఘకాలిక లాభం. 2020లో ఇదే అధ్యయనం ఆయుర్దాయాన్ని లెక్కగట్టింది. శస్త్రచికిత్స చేయించుకున్నవారు నియంత్రణ బృందం కన్నా దాదాపు 3 ఏళ్లు ఎక్కువ బతుకుతున్నారు. అయినా సాధారణ ప్రజల కన్నా 5.5 ఏళ్లు తక్కువే. ప్రకటనల్లో మొదటి అంకె వాడుకుంటారు, వ్యతిరేకించేవారు రెండో అంకె వాడుకుంటారు. మీరు రెండూ రాయండి.

మధుమేహం కథ కూడా ఇలాంటిదే. అమెరికాలోని ఉత్తర కరోలినాలో వాల్టర్ పోరీస్ 1995లో, 14 ఏళ్ల కాలంలో బైపాస్ చేయించుకున్న 608 మంది వివరాలు ప్రకటించాడు. మధుమేహం ఉన్నవారిలో 83 శాతం మందికి రక్తంలో చక్కెర మామూలు స్థాయికి వచ్చింది. కొందరిలో బరువు పెద్దగా తగ్గకముందే, రోజుల వ్యవధిలోనే ఈ మార్పు కనిపించడం అందరినీ ఆశ్చర్యపరచింది. స్వీడన్ అధ్యయనంలో రెండేళ్లకు 72 శాతం మందిలో మధుమేహం వెనక్కి తగ్గింది. పదేళ్లకు ఆ సంఖ్య 36 శాతం. సగమైంది. కాని పదేళ్లపాటు మూడోవంతు మందికి పైగా మధుమేహం లేకుండా ఉండటం చిన్న విషయం కాదు.

అంకెలు చదివే ముందు

ఇక్కడ ఒక హెచ్చరిక. బరువు తగ్గుదలను రెండు రకాలుగా లెక్కిస్తారు. మొత్తం బరువులో శాతం ఒకటి, అదనపు బరువులో శాతం మరొకటి. మన 120 కిలోల వ్యక్తికి తగిన బరువు 65 కిలోలు అనుకుంటే అదనపు బరువు 55 కిలోలు. అతను 30 కిలోలు తగ్గితే మొదటి లెక్కన 25 శాతం, రెండో లెక్కన దాదాపు 55 శాతం. మనిషి ఒక్కడే, కిలోలు అవే. ఏ అంకె పెద్దక్షరాల్లో వేస్తారో మీరే ఊహించండి.

రెండో హెచ్చరిక ఇంకా ముఖ్యం: చివరిదాకా ఎంతమంది మిగిలారు? జీర్ణాశయం పైభాగం చుట్టూ బిగించి, చర్మం కింద అమర్చిన చిన్న పోర్టు ద్వారా ద్రవం ఎక్కించి వదులు, బిగువు చేసే పట్టీ ఒకప్పుడు పెద్ద ఆకర్షణ. లుబోమిర్ కుజ్మక్ 1986లో ప్రవేశపెట్టిన ఈ పట్టీ, లాపరోస్కోపీ పద్ధతి వచ్చాక యూరప్‌లో వ్యాపించింది. అమెరికా ప్రభుత్వ అనుమతి 2001లో వచ్చింది. కోత చిన్నది, పేగు కోయనక్కర్లేదు, అక్కర్లేదనుకుంటే తీసేయవచ్చు. బ్రస్సెల్స్‌లో 1994-97 మధ్య పట్టీ వేయించుకున్న 151 మందిని పన్నెండేళ్లు దాటాక వైద్యులు వెతికారు. దొరికింది 82 మంది. వారిలో దాదాపు సగం మందికి పట్టీ అప్పటికే తీసేయాల్సి వచ్చింది. ఇక దొరకని 69 మంది మాటేమిటి? ఒక ఆసుపత్రి 'మా రోగుల్లో ఇంత శాతం విజయం' అన్నప్పుడు, ఆ శాతానికి హారంలో ఎవరున్నారని అడగడం మీ హక్కు. పట్టీ మూన్నాళ్ల ముచ్చట అయింది. ఇప్పుడు చాలా అరుదుగా వేస్తున్నారు.

దాని స్థానంలోకి వచ్చింది స్లీవ్ పద్ధతి. ఇందులో జీర్ణాశయంలో దాదాపు నాలుగింట మూడు వంతులు తీసేసి, అరటికాయంత సన్నని గొట్టంలా మిగులుస్తారు. నిజానికి ఇది సగం పనిగా మొదలైంది. విపరీతమైన బరువున్నవారికి పెద్ద శస్త్రచికిత్సను ఒకేసారి చేయడం ప్రమాదమని, 2000 ప్రాంతంలో న్యూయార్క్‌లో మిషెల్ గాన్యే మొదటి దశగా దీన్ని మాత్రమే చేసేవాడు. కొందరు దీంతోనే తగినంత తగ్గడంతో రెండో దశ అక్కర్లేకపోయింది. సగం పని పూర్తి చికిత్స అయిపోయింది. నేడు ప్రపంచంలో ఎక్కువగా చేసేది ఇదే. మన దగ్గర ప్రకటనల్లో కనిపించేదీ చాలావరకు ఇదే.

దీని పదేళ్ల తీర్పు 2022లో ఫిన్‌లాండ్ నుంచి వచ్చింది. ఈసారి చీటీ వేసి విడదీసిన 240 మందిపై అధ్యయనం. పదేళ్లకు అదనపు బరువులో తగ్గుదల స్లీవ్‌లో 43.5 శాతం, బైపాస్‌లో 51.9 శాతం. పైన చెప్పిన రెండో లెక్క ఇదని గమనించారా? ఎండోస్కోపీలో అన్నవాహిక వాపు స్లీవ్ వారిలో 31 శాతం మందికి, బైపాస్ వారిలో 7 శాతం మందికి కనిపించింది. ఛాతీలో మంట, పులితేన్పులు ముందునుంచే ఉన్నవారు స్లీవ్‌కు ఒప్పుకునే ముందు ఈ అంకె తెలుసుకోవాలి.

ఆకలి ఎక్కడ పుడుతుంది?

బరువు తగ్గడానికి కారణం సంచి చిన్నదవడమేనని మేసన్ తరం నమ్మింది. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కోజిమా, కంగావాలు జీర్ణాశయం నుంచి విడుదలై ఆకలిని పుట్టించే గ్రెలిన్ అనే హార్మోనును కనుగొన్నారు. 2002లో సియాటిల్‌కు చెందిన డేవిడ్ కమింగ్స్ బృందం ఒక తేడా చూపింది. ఆహార నియమంతో బరువు తగ్గినవారిలో గ్రెలిన్ పెరుగుతోంది, బైపాస్ చేయించుకున్నవారిలో చాలా తక్కువగా ఉంది. ఆన్సెల్ కీస్ యువకుల తీరని ఆకలికి, స్టంకార్డ్ రోగుల వైఫల్యానికి ఒక జవాబు ఇక్కడ దొరికింది. మరోవైపు బైపాస్ తర్వాత భోజనం కాగానే పేగు నుంచి జి.ఎల్.పి.-1 అనే హార్మోను ఎక్కువగా విడుదలై, ఇన్సులిన్‌ను పెంచి, ఇక చాలన్న భావన కలిగిస్తుంది. అంటే కత్తి మార్చింది సంచి కొలతనే కాదు, పేగుకూ మెదడుకూ మధ్య నడిచే సంభాషణను కూడా. పాత పద్ధతుల్లో కొన్ని ఎందుకు ఓడిపోయాయో దీంతో కొంత అర్థమవుతుంది.

మన దగ్గర

1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సదస్సు ఈ చికిత్సకు బి.ఎం.ఐ. 40, మధుమేహం వంటి జబ్బులుంటే 35 అని హద్దు పెట్టింది. అదే బి.ఎం.ఐ. వద్ద మనవాళ్లలో కొవ్వు పాలు, మధుమేహం ముప్పు ఎక్కువ. అందుకే 2009లో భారతీయ నిపుణులు ఆ హద్దులను 37.5కు, 32.5కు తగ్గించారు. 2022లో అంతర్జాతీయ సంఘాలు వాటిని మరింత తగ్గించి, ఆసియా ప్రజలకు 27.5 నుంచే పరిశీలించవచ్చన్నాయి. హద్దు తగ్గినకొద్దీ అర్హుల సంఖ్య పెరుగుతుంది. ఆసుపత్రుల ఆదాయమూ పెరుగుతుంది. రెండూ నిజమే.

చికిత్స ఒక్కరోజులో అయిపోయినా, సంరక్షణ జీవితాంతం. విటమిన్ బి12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి కొందరికి మాత్రల రూపంలో, కొందరికి ఇంజెక్షన్ రూపంలో కొనసాగాలి. శాకాహారుల్లో బి12 కొరత ముందే ఉంటుంది. శస్త్రచికిత్సతో అది ముదిరి నరాలను దెబ్బతీయవచ్చు. ఆగని వాంతులు ఉంటే బి1 లోపం వారాల్లోనే రావచ్చు, అది అత్యవసరం. నాలుగు ముద్దలకే నిండే కడుపులో మొదటి చోటు అన్నానికి కాదు, పప్పుకో, గుడ్డుకో, పెరుగుకో ఇవ్వాలి. బైపాస్ అయినవారు పెళ్లి భోజనంలో రెండు లడ్డూలు తింటే చెమటలు, గుండెదడ, నీరసం రావచ్చు. ఆడవారు ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం వాయిదా వేసుకోవాలని చెబుతారు. శస్త్రచికిత్స హైదరాబాదులో చేయించుకుని, ఇల్లు శ్రీకాకుళం జిల్లాలోనో, ఆదిలాబాద్ జిల్లాలోనో ఉన్న మనిషికి ఆరేళ్ల తర్వాత రక్తపరీక్ష ఎవరు గుర్తుచేస్తారు? అప్పు చేసి ఆపరేషన్ ఖర్చు కట్టిన కుటుంబం ఏళ్ల తరబడి మాత్రల ఖర్చును లెక్కలో వేసుకుందా? సంతకం పెట్టే ముందు అడగాల్సిన ప్రశ్నలు ఇవి.

మనసు సంగతి కూడా మరవకండి. అమెరికాలోని యూటాలో 7,925 మందిని, అంతే సంఖ్యలో పోలిక బృందాన్ని పరిశీలించి 2007లో ప్రకటించిన అధ్యయనంలో మొత్తం మరణాలు 40 శాతం తగ్గాయి, మధుమేహ మరణాలు 92 శాతం తగ్గాయి. ప్రమాదాలు, ఆత్మహత్యల వంటి కారణాల వల్ల మరణాలు మాత్రం 58 శాతం ఎక్కువ. బైపాస్ తర్వాత మద్యం త్వరగా తలకెక్కుతుందని, కొందరిలో వ్యసనం రెండో ఏడాది నుంచి పెరుగుతుందని కూడా తర్వాతి పరిశోధనలు చూపాయి. ఇంట్లోవాళ్లు కిలోలతో పాటు మనిషి మాట్లాడే తీరును కూడా గమనిస్తూ ఉండాలి.

ఈ చరిత్రలో కొత్త అధ్యాయం ఇంజెక్షన్లది. పేగు హార్మోను జి.ఎల్.పి.-1ను అనుకరించే సెమాగ్లూటైడ్ మందును స్థూలకాయ చికిత్సకు అమెరికా 2021లో అనుమతించింది. మందు ఆపేసిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టు ఒక ప్రధాన పరిశోధన కొనసాగింపులో తేలింది. కత్తి అక్కర్లేదు కాబట్టి శస్త్రచికిత్సకు కాలం చెల్లిందని ఇప్పటికే కొందరు రాస్తున్నారు. స్థూలకాయ చికిత్సగా దాని పదేళ్ల లెక్క 2031కి ముందు రాదు.